తొమ్మిదీ పన్నెండు ముహూర్తానికి స్టార్ట్ చేసిన ఇంజను

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళే దారిలో మా బావమరిది స్పోర్ట్స్ కారును, ప్రభను లాగుతున్న ట్రాక్టరొకటి దాటిపోయింది. ఒక మనిషి ముప్పై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు పోవడానికి అదే మొదలు. ఆ పేరు పోగొట్టుకున్నది మా బావమరిది కాదు, ఆ కారు ఇంజను మళ్ళీ కట్టిన మెకానిక్కు. పేరు పోయిన చోట నేను కూడా ఉన్నాను. అక్కడ నేనేం చేశానో ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

ప్రభ చూడనివాళ్ళ కోసం ఒక మాట. తాటిచెట్టును మించిన ఎత్తున వెదురుబొంగులతో కట్టి, రంగు బట్టలూ కరెంటు బల్బులూ అలంకరించి, శివరాత్రికి ఊరూరి నుంచీ కొండ కిందికి తోలుకెళ్ళే పెద్ద చట్రం అది. నాలుగు వైపులా మోకులు పట్టుకుని జనం నడుస్తుంటే, కరెంటు తీగలను తప్పించుకుంటూ గజం గజం జరుగుతుంది. కాలినడకన వెళ్ళే ముసలమ్మలు కూడా దాన్ని దాటి ముందుకు పోతారు. అలాంటి ప్రభ, అదీ మా బావమరిదికి పడని ఊరి ప్రభ, రోడ్డు పక్కన ఆవిరి చిమ్ముతూ ఆగిపోయిన అతని కారు పక్కనుంచి నింపాదిగా సాగిపోయింది. ట్రాక్టరు మీదున్నవాడు వెనక్కి తిరిగి కేకేశాడు.

"మామా, మా కాడ మోకొకటి ఎక్కువుంది. కట్టమంటావా?"

వెనక నడిచేవాళ్ళంతా నవ్వారు. మా బావమరిది రాజకీయాల్లో తిరిగేవాడు. ఓడిపోయిన ఎన్నికను మరిచిపోగలిగాడు గానీ ఆ నవ్వును మరిచిపోలేకపోయాడు.

అతను మా మేనమామ కొడుకు. రొంపిచర్ల దగ్గర పొలాలు, ఇంటి ముందు ఎప్పుడూ పదిమంది మనుషులు. ఆ కారు మేనమామది. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ టాపు, ముదురాకుపచ్చ రంగు. మద్రాసులో ఎవరో దొర వదిలిపోయినది, చేతులు మారి మారి మావాళ్ళ ఇంటికి చేరింది. మేనమామ పోయాక అది చాలా ఏళ్ళు మిర్చి బస్తాల మధ్య ఉండిపోయింది. సీట్ల కుట్లలో దిగిన కారం ఎంత దులిపినా పోలేదు. ఎండ బాగా కాసిన రోజున అందులో కూర్చున్నవాడు తుమ్మకుండా దిగేవాడు కాదు.

తిరునాళ్ళ మర్నాడే మా బావమరిది నాకు ఫోను చేశాడు.

"బావా, నీకు మెకానిక్కొకడు తెలుసుగా, ఆ దేవుడు లేడనేవాడు. మంచోడేనా?"

"దేవుడి సంగతి పక్కన పెట్టు. జిల్లాలో అంత చేయి లేదు."

"అయితే ఆ ఇంజను సంగతి చూడమను. వచ్చే శివరాత్రికి ఒక్కడు నన్ను దాటకూడదు."

అలా ఆ మెకానిక్కును ఆ ఇంటికి పంపింది నేనే. నా తప్పుల్లో ఇది లెక్కలోకి రాదు. మంచి పనివాడికి మంచి పని చూపించడం తప్పు కాదు. నా తప్పులు తర్వాత వస్తాయి.

ఆయన తండ్రి క్వారీలో రాళ్ళు కొట్టాడు. ఆయన లారీ క్లీనరుగా మొదలై, నరసరావుపేట నుంచి రొంపిచర్ల వెళ్ళే రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉండేది. ఎక్కడెక్కడి డ్రైవర్లో ఆయన కోసం దారి మళ్ళించుకుని వచ్చేవారు.

నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిగా ఉన్న రోజుల్లో, ఆదివారం సాయంత్రాలు ఒక చిన్న రీడింగ్ రూములో చర్చలు పెట్టేవాళ్ళం. జాతకాలు, బాణామతి, కులం, కర్మ సిద్ధాంతం. వచ్చేది పాతికమంది. అందులో వాదించేది ఆరుగురు, మిగతావాళ్ళు ఫ్యాను కోసం. ఒక ఆదివారం ఈయన గ్రీజు చేతులతో వచ్చి వెనక నిలబడి అడిగాడు.

"మాస్టారూ, లారీకి నిమ్మకాయ కడితే యాక్సిడెంటు కాదంటారు. బ్రేకు లైనింగు అరిగిపోయినా ఆ నిమ్మకాయే ఆపుద్దా?"

నా అరగంట ఉపన్యాసం కంటే ఆ ప్రశ్న బాగుంది. ఆ రోజు నుంచి ఆయన మాలో ఒకడయ్యాడు. నాకంటే గట్టివాడయ్యాడు. బొట్టు మానేశాడు, కూతురి పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో చేశాడు. అయినవాళ్ళు ఆరేళ్ళు ఆయన గడప తొక్కలేదు. మా ఇంట్లో నేను నాస్తికుడిననే మాట ఒక ముచ్చట. ఆయన ఇంట్లో అది వెలి. ఈ తేడా నేను చాలా కాలం గమనించలేదు. ముప్పై ఏళ్ళు సమానత్వం మీద మాట్లాడాను. ఆ ముప్పై ఏళ్ళూ ఆయన నన్ను 'మీరు' అన్నాడు, నేను ఆయన్ను 'నువ్వు' అన్నాను.

విడిభాగాలు దొరికి పని మొదలయ్యేసరికి దసరా వెళ్ళింది. ఆ తర్వాత ఇంజను పని దాదాపు మూడు నెలలు సాగింది. నేను రిటైరయి ఖాళీగా ఉన్నాను. మధ్యాహ్నాలు షెడ్డులో పాత టైరు మీద కూర్చుని చూసేవాణ్ణి. సిలిండర్లను గుంటూరు లేత్ షాపులో బోరు చేయించి, అంటే లోపల వెడల్పు చేయించి, పెద్ద పిస్టన్లు వేశాడు. ఒకటున్న చోట రెండు కార్బరేటర్లు పెట్టాడు. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టు కొత్తది తెప్పించాడు. అన్నిటికంటే ఎక్కువ రోజులు సిలిండర్ల పైన మూతలా కూర్చునే హెడ్డు మీద గడిపాడు. లోపలికి గాలి పోయే దారులను చేత్తో అరగదీస్తూ, వేలు పెట్టి తడుముతూ, మళ్ళీ అరగదీస్తూ.

"ఎందుకంత నునుపు?" అని అడిగాను.

"ఇంజనంటే ఊపిరే మాస్టారూ. ఎంత పీలిస్తే అంత బలం. మీరు మైకు ముందు పీల్చినట్టు."

"వెక్కిరింతా?"

"మెచ్చుకోలే. కాకపోతే మీకు సైలెన్సరు లేదు."

వేగం పెంచే పని ఒప్పుకున్నవాడు ముందు బ్రేకులు మార్చాడు. తర్వాత రేడియేటరు మార్చాడు. మా బావమరిది ఒకసారి వచ్చి, "బ్రేకులెవరు అడిగారు?" అని విసుక్కున్నాడు. "కారు మీది, ప్రాణం రోడ్డు మీద వాళ్ళది" అన్నాడు ఈయన, తల ఎత్తకుండా. ఆ జవాబు నాకు ఎంత నచ్చిందో, మా బావమరిదికి అంత గుచ్చుకుంది.

ఇంజను బిగించడం పూర్తయిన రోజు ఆయన మొహం చూడాల్సింది. ఆ సాయంత్రమే స్టార్ట్ చేద్దామన్నాడు. కొత్తగా బిగించిన ఇంజనును అట్టే ఉంచకూడదట. బేరింగులకు పూసిన ఆయిలు జారిపోతుంది, ఆయిల్ పంపు ఎండిపోతుంది. ముందు ప్లగ్గులు తీసేసి, నిప్పు లేకుండా ఉత్తినే సెల్ఫు కొట్టి తిప్పాలి. ఆయిల్ గేజి ముల్లు లేచిన తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. ఇది మంత్రం కాదు, ఎవడు చేసినా ఇంతే.

మా బావమరిదికి ఫోను చేస్తే అవతలి నుంచి కేక వినబడింది.

"సెల్ఫు ముట్టుకోబాకండి! మూఢం నడుస్తంది!"

మూఢంలో పెళ్ళి చేయరు, గృహప్రవేశం చేయరు. ఇంజను కూడా తిప్పకూడదని ఆ ఇంటి పురోహితుడు చెప్పాడట. గ్రహం సూర్యుడికి దగ్గరైతే మన కంటికి కనిపించదు, అంతే. దానికీ రొంపిచర్ల రోడ్డులోని రేకుల షెడ్డుకూ ఏ సంబంధమూ లేదు. మూఢం పోవడానికి ఇంకా మూడు వారాలుంది. ఆ తర్వాత, శివరాత్రికి నాలుగు రోజుల ముందు, పొద్దున తొమ్మిదీ పన్నెండుకు ముహూర్తం పెట్టారు. అప్పటిదాకా నిప్పుతో గానీ, నిప్పు లేకుండా గానీ ఇంజను తిరగకూడదు. తిప్పితే అదే ప్రారంభం కింద లెక్కట.

నేను వాళ్ళింటికి వెళ్ళాను, మాట్లాడి వస్తానని. మా అత్తయ్య, మేనమామ భార్య, మంచం మీద నుంచి లేచి కూర్చుంది. "నువ్వు ఈ ఇంట్లో ఏ శుభానికీ నిలబడలేదురా అబ్బాయా. మీ మామ కారు ఇది. ఈ ఒక్కసారికి వచ్చి నిలబడు, అడ్డం మాట్లాడబాక" అంది. ఎనభై దాటిన మనిషి. ఆమె పెట్టిన అన్నం తిని చదువుకున్నాను. సరేనన్నాను.

తిరిగి వచ్చి మెకానిక్కుకు నచ్చజెప్పాను. ముహూర్తం వల్ల ఇంజనుకు పోయేదేముంది, రైలు టైము లాంటిదనుకో, వాళ్ళ తృప్తి వాళ్ళది, హాని లేని నమ్మకం అన్నాను. ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"ఈ మాట మీరేనా అనేది? హాని లేని మూఢనమ్మకం ఉండదు, హాని ఇంకా బయటపడనిది ఉంటదని రీడింగ్ రూములో చెప్పింది ఎవరు?"

"సభలో మాట వేరు మేస్త్రీ. ఇది ఇల్లు."

"ఇంజనుకు ఆ తేడా తెలవదు మాస్టారూ" అన్నాడు. అని, నా మీద గౌరవంతో ఊరుకున్నాడు.

ముహూర్తం ముందు రోజు ట్రాక్టరు కట్టి కారును వాళ్ళింటి ముందుకు లాగించారు. తెల్లవారేసరికి షామియానా, డప్పులు, కొబ్బరికాయలు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గుర్తు. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. ఇంతకాలం ఆ ఇంట్లో నా మాటను నవ్వి కొట్టేసేవారు. ఆ రోజు "బావగారు రండి, మాస్టారు రండి" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టారు. నిజం చెప్పాలి, ఆ కుర్చీ నాకు బాగుంది.

పురోహితుడు కుంకుమ భరిణతో మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

"ఇంజనుకు పెట్టండి సామీ. నాకొద్దు" అన్నాడు ఆయన, నెమ్మదిగానే.

ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నా నుదుటిన కూడా బొట్టు లేదు. దాన్ని ఎవరూ చూడలేదు.

తొమ్మిదీ పన్నెండు. ఆయన ముందే ప్లగ్గులు తీసి ఉంచుకున్నాడు. సెల్ఫు కొట్టాడు. ఇంజను తిరుగుతోంది, గేజి ముల్లు లేవడం లేదు. ఆగాడు. మళ్ళీ కొట్టాడు. బ్యాటరీ నీరసిస్తోంది గానీ ముల్లు సున్నా మీదే ఉంది. మూడు వారాల్లో పంపు ఎండిపోయింది. తొమ్మిదీ పదిహేడు.

"అరగంట కావాలి. ఫిల్టరు విప్పి పంపులోకి ఆయిలు పోయాలి" అన్నాడు.

"ఇరవై నాలుగుకు వర్జ్యం వచ్చేస్తుంది. తర్వాత ఈ రోజంతా మంచి గడియ లేదు" అన్నాడు పురోహితుడు.

"ఏంది మేస్త్రీ ఇది? మూడు నెలలు చేసింది ఇదా?" మా బావమరిది గొంతు లేచింది. "ఇంజను కట్టావా, సంక్రాంతి కొలువుకు బొమ్మ కట్టావా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మెకానిక్కు ఆ మాట పట్టించుకోలేదు. పురోహితుడి వైపు చూడలేదు, కారు యజమాని వైపు చూడలేదు. నా వైపు చూశాడు. అంతమందిలో ఆయనకు అర్థమయ్యే భాష మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే. నేను లేచి "ఆయన చెప్పింది సరైనది, అరగంట ఆగండి" అంటే గొడవయ్యేది. అత్తయ్య నొచ్చుకునేది. కుర్చీ పోయేది. కానీ ఆగేవాళ్ళు.

"వెయ్యి మేస్త్రీ" అన్నాను. "ఒక్క నిమిషమేగా. తిరుగుతుంటే ఆయిలు అదే ఎక్కుద్ది."

"ఎక్కకపోతే?"

"ఎక్కుద్దిలే."

ఆయన ఇంకో క్షణం చూశాడు. తర్వాత వంగి ప్లగ్గులు బిగించాడు. ముప్పై ఏళ్ళుగా నేను చెప్పింది విని, ఆలోచించి, ఒప్పుకున్నవాడు. ఆ రోజు ఆలోచించకుండా ఒప్పుకున్నాడు, చెప్పింది నేను కాబట్టి. భక్తి అంటే ఇదే కదా అని తర్వాత తట్టింది.

ఇరవై రెండుకు ఇంజను అందుకుంది. నేను అలాంటి శబ్దం ఎప్పుడూ వినలేదు. లోతుగా, నిండుగా, నేల అదిరేలా. డప్పులు మొదలయ్యాయి. మా బావమరిది సీట్లో కూర్చుని ఉన్నాడు. జనం ఈల వేస్తే యాక్సిలరేటరు తొక్కాడు. ఇంకా తొక్కాడు.

"తొక్కబాకండి! ముల్లు లేవలా! తొక్కబాకండి!" మెకానిక్కు రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. డప్పుల్లో ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది.

ముందు లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు. తర్వాత కీచుమని ఒక గీత. తర్వాత ఏమీ లేదు. ఇంజను పట్టేసింది. కాలిన ఇనుము వాసన షామియానా కింద నిలబడిపోయింది. డప్పులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆపారు. తర్వాత విప్పి చూస్తే, బేరింగులు కరిగి క్రాంకు ఇరుసుకు అతుక్కుని ఉన్నాయి.

మొదట నోరు తెరిచింది అత్తయ్య చెల్లెలు. "బొట్టు పెడతానంటే వద్దన్నాడు. ఆ చేత్తో కడితే ఎట్టా తిరుగుద్ది?" అంతే, అందరికీ కారణం దొరికింది. అరిష్టపు చేయి. నాస్తికుడు కట్టిన ఇంజను. అదే సమయంలో, అదే షామియానా కింద, ఇంకో నాస్తికుడికి ఎవరో స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి, "పాపం ఎండకు వచ్చారు" అన్నారు. తాగాను.

నాలుగో రోజు శివరాత్రి గడిచింది. వారం తర్వాత పెద్దమనుషులు వాళ్ళ వసారాలో కూర్చున్నారు. మా బావమరిదికి నష్టపరిహారం అక్కర్లేదు. అతను అడిగింది వేరే.

"కొండకు పొయ్యి గుండు చేయించుకో. సామి ముందు నా తప్పేనని చెంపలేసుకో. మళ్ళీ ఇంజను నీకే ఇస్తా. నీ మీద మాట రాకుండా నేను చూసుకుంటా."

దయగా ఉన్నట్టు అనిపించే మాట. పెద్దమనుషులు తలలూపారు. మెకానిక్కు నిలబడే ఉన్నాడు. ఆయనకు కుర్చీ లేదు.

"తప్పు నాదైతే ఒప్పుకుంటా. గుండెందుకు, ఇక్కడే ఒప్పుకుంటా. అరగంట ఆగమని అడిగా. ఆయిలు ఎక్కకుండా తిప్పమంది ఎవరో మాస్టారిని అడగండి. ఆయన అబద్ధం ఆడడు."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను. మాట్లాడాను. ఎంతసేపు మాట్లాడానో గుర్తులేదు, చాలాసేపు. ఆయిల్ ప్రెషర్ అంటే ఏమిటో చెప్పాను. మూఢం అంటే ఆకాశంలో ఏం జరుగుతుందో చెప్పాను. యంత్రానికి కులం లేదు, దేవుడు లేడు, తిథి లేదు అన్నాను. ఈ దేశంలో యంత్రాలు వచ్చాయి గానీ యంత్రాలను పుట్టించిన బుద్ధి రాలేదన్నాను. ప్రతి మాటా నిజం. పెద్దమనుషులు శ్రద్ధగా విన్నారు. ఒకాయన "మాస్టారు చానా బాగా మాట్లాడతారు" అని పక్కవాడికి చెప్పడం కూడా విన్నాను.

నేను కూర్చున్నాక మెకానిక్కు అడిగాడు.

"అన్నీ చెప్పారు మాస్టారూ. నేనడిగింది ఒక్కటే. అది మిగిలిపోయింది."

 ఆయన ఎదురుచూశాడు. 'తిప్పమన్నది నేనేనండీ' అనాలి. ఇంతే. ఇంత చిన్న మాట. నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను. అది ఖాళీ చేసి కింద పెట్టేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు నన్ను నేను అడిగాను. భయం కాదు, నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు. నా మాట తప్పని ఒప్పుకుంటే, నా వెనకున్న వాదమంతా తప్పయిపోతుందని సర్దిచెప్పుకున్నాను. సిద్ధాంతాన్ని కాపాడుతున్నాననుకున్నాను. దేవుడి పరువు కాపాడటానికి మనిషిని బలిపెట్టేవాళ్ళను జీవితమంతా తిట్టిన నేను, నా పరువు కాపాడటానికి ఆ పనే చేశాను.

షెడ్డుకు లారీలు తగ్గాయి. డ్రైవర్లు చెడ్డవాళ్ళు కాదు, కానీ వాళ్ళ బతుకు రోడ్డు మీద. కట్టిన ఇంజను నిమిషానికి పట్టేసిందన్న మాట మాచర్ల దాకా పాకింది. మూడు నెలల్లో ఆయన రేకులు విప్పించి, గురజాల అవతల ఒక క్వారీలో జనరేటర్లు చూసే పనికి వెళ్ళిపోయాడు. తండ్రి రాళ్ళు కొట్టిన చోటికి.

నేనప్పుడు మా బావమరిది దగ్గరికి వెళ్ళి చెప్పాను, ఆ రోజు తిప్పమన్నది నేనని. అతను వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాడు. చేయి ఆపలేదు.

"తెలుసులే బావా. నా ఎదురుగానే కూర్చుని అంటివి. నాకు ఇనపడదా?"

"మరి ఆయన్ను ఎందుకు..."

"మరేం చేయమంటావు? నిన్నంటానా? మా మేనత్త కొడుకువి." ఒలిచిన పప్పులు కొన్ని నా చేతిలో పోశాడు. "వాడికి చానా పొగరు బావా. బ్రేకుల గురించి నాకు పాఠం చెప్పాడు."

ఆ కారుకు ఇప్పుడు ఏదో వ్యాను డీజిల్ ఇంజను వేశారు. బానెట్ మూతపడక తాడుతో కట్టారు. మొన్నటి శివరాత్రికి అది మా ఊరి ప్రభ ముందు పొగ చిమ్ముకుంటూ నడిచింది. ఎవరూ దాటలేదు.

ఈ ఏడు ఎండలు ముదిరాక నేను గురజాల బస్సెక్కాను. క్వారీ దుమ్ములో, కంప్రెసర్ పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. తప్పు నాదేనని చెప్పాను. అంతా ఉన్నదున్నట్టు రాసి పత్రికకు పంపుతానన్నాను.

"రాయి" అన్నాడు. మొదటిసారి నువ్వు అన్నాడు. "ఎవరు చదువుతారు? నీ రీడింగ్ రూమోళ్ళు. వాళ్ళు నన్నేమీ అనలా. నా పేరు తీసింది లారీలోళ్ళు. నరసరావుపేట సెంటర్లో టీ కొట్టు కాడ ఉంటారు. అక్కడ నిలబడి చెప్పు, మైకు లేకుండా."

అక్కడికి వెళ్ళడానికి నాకు ఇంకో నెల పట్టింది. పొద్దున్నే వెళ్ళాను. ఐదారుగురు డ్రైవర్లు ఉన్నారు. నన్ను చూసి ఒకాయన బల్ల మీద చోటిచ్చాడు. వాళ్ళలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. కూర్చోకుండానే చెప్పాను. ఆ ఇంజను పట్టేయడానికి మెకానిక్కు కారణం కాదు, ఆయన అరగంట ఆగమన్నాడు, ఆగకుండా తిప్పమన్నది నేను, పంచాయితీలో ఆ మాట దాచిందీ నేను.

 నా పాత శిష్యుల్లో ఒకడు గ్లాసు కింద పెట్టాడు.

"మాస్టారూ, ఆయన మీకు కావలసినోడని మాకు తెలుసు. ఆయన కోసం మీ మీద ఏసుకుంటన్నారు. మీ మంచితనం అది."

"కాదురా, నిజంగానే నేను..."

"సార్ ఎప్పుడూ ఇంతే" అన్నాడు రెండోవాడు పక్కనున్న ముసలి డ్రైవరుతో. "స్కూల్లో అద్దం ఎవడు పగలగొట్టినా తనే పగలగొట్టానని హెడ్మాస్టరుకు చెప్పేవారు."

అందరూ ఆప్యాయంగా నవ్వారు. ముసలాయన నాకు టీ చెప్పాడు. "అయినా సారూ, ఇంజను గురించి మీకేం తెలుసు? మీరు చెబితే ఆయన తిప్పుతాడా? అంత తెలిసినోడు?" అన్నాడు.

నేను చెబితేనే తిప్పాడని మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా. రెండోసారి చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళలో గౌరవం ఇంకా పెరిగింది. ముసలాయన బండి బోరు పనికి వచ్చిందట. ఎక్కడ చేయిస్తున్నావని అడిగాను. చిలకలూరిపేటలో ఇంకో మెకానిక్కు దగ్గర, అన్నాడు.